దేగ్ అడుగు చెప్పే లెక్క: హైదరాబాద్ వంటవాళ్లతో ఐదు రోజులు

హైదరాబాద్‌లో వంట మాస్టర్‌ని "ఇది ఎలా చేస్తారు భాయ్?" అని అడిగితే చిరునవ్వుతో సరిపెడతాడు. "ఇది ఎక్కడ చెడిపోతుంది?" అని అడిగితే గరిటె పక్కన పెట్టి మరీ చెబుతాడు. వంటకం గుట్టు చెప్పడానికి మొహమాటపడే మనిషి, పక్క కొట్టువాడు చేసే తప్పు చెప్పడానికి వెనకాడడు. ఆ తప్పులన్నీ ఒకచోట పోగేస్తే వంటకం దానంతటదే బయటపడుతుంది. ఈ ఐదు రోజుల మాటామంతీ అంతా ఆ ఒక్క ప్రశ్న చుట్టూ తిరిగిందే.

రంజాన్‌కు ముందు వారం ఇందుకు అనువైన కాలం. హోటళ్ల ముందు ఇటుకలు, మట్టితో హలీం భట్టీలు కడుతుంటారు. పని ఉంటుంది కానీ తొక్కిసలాట ఉండదు. 2019లో యునెస్కో ఈ నగరాన్ని ఆహారకళల సృజనాత్మక నగరంగా గుర్తించింది. ఆ మాట ఎత్తితే భట్టీ కట్టే మేస్త్రీ "అచ్ఛా?" అని ఇంకో ఇటుక పేర్చాడు.

మొదటి రోజు: చార్మినార్, తెల్లవారుజామున 5

ఇరానీ హోటల్లో పొయ్యి మీద రెండు పాత్రలు. ఒకదాంట్లో డికాక్షన్, ఇంకోదాంట్లో పాలు. రెండూ కప్పులో తప్ప ఇంకెక్కడా కలవవు. ఇంటి చాయ్‌కీ దీనికీ ఉన్న అసలు తేడా అదే. ఇంట్లో అన్నీ కలిపి మరగబెడతాం, ఇక్కడ డికాక్షన్‌ను మరగనివ్వరు. నీళ్లు మరిగాక ఆకు వేసి, మూతి గట్టిగా మూసి, సన్న సెగ మీద దమ్ పెడతారు.

"మంట ఎక్కువైతే చేదెక్కుతుంది. మూత తీసి తీసి చూస్తే వాసన పోతుంది. రంగు మాత్రం రెండింట్లోనూ బాగానే వస్తుంది, అందుకే కొత్త కుర్రాళ్లు మోసపోతారు" అన్నాడు చాయ్ మాస్టర్. రంగు చూసి డికాక్షన్ అయిందనుకోవడమే మొదటి తప్పట. ఆయన గరిటెతో కొంచెం తీసి నాలుక చివర వేసుకుంటాడు. వగరు నాలుక మొదటికి పాకితే ఆ పాత్ర పక్కకు పోతుంది.

పాల సంగతి వేరు. సన్న సెగ మీద కాగి కాగి నాలుగో వంతు ఇంకాలి. కలపడం ఆపితే అడుగంటుతాయి, మీగడ ఉండలు కడుతుంది. కొన్నిచోట్ల చిక్కదనం కోసం కోవా కలుపుతారు. మాస్టర్ దృష్టిలో అది పాలు మంచివి దొరకనివాళ్లు చేసే పని. ఇంట్లో నలుగురికి కావాలంటే అర లీటరు నీళ్లకు 5 చెంచాల పొడి, పిండి ముద్దతో మూత అంచు మూసి 25 నిమిషాలు సన్న సెగ, అర లీటరు పాలు విడిగా కాచి మూడు వందల డెబ్భై ఐదు మిల్లీలీటర్లకు తేవడం. కప్పులో ముందు ఒక వంతు డికాక్షన్, పైన రెండు వంతుల పాలు. ఖడక్‌గా, అంటే ఘాటుగా కావాలంటే డికాక్షన్ పెంచాలి కానీ దాన్ని ఇంకాసేపు పొయ్యి మీద ఉంచకూడదు. చక్కెర చాలాచోట్ల ముందే కలిసి ఉంటుంది కాబట్టి చక్కెర లేని చాయ్ అడిగితే మాస్టర్ మనవైపు జాలిగా చూస్తాడు.

పక్కనే ఉస్మానియా బిస్కెట్ల బేకరీ. ఏడో నిజాం మీర్ ఉస్మాన్ అలీ ఖాన్ పేరు మోస్తున్న ఈ బిస్కెట్‌లో తీపి, ఉప్పు రెండూ తెలియాలి. చెడగొట్టేది చేతులే అంటాడు పిండి కలిపే మనిషి. వెన్న, చక్కెర బాగా గిలకొట్టాక మైదా వేసి దగ్గరకు తేవాలి, అంతే. రొట్టె పిండిలా పిసికితే సాగుడు పుట్టి బిస్కెట్ గట్టి చెక్కవుతుంది. పైన పాలు పూస్తే గోధుమ రంగు వస్తుంది. భట్టీలోంచి తీసినప్పుడు మెత్తగా ఉంటే ఉడకలేదనుకుని మళ్లీ లోపల పెట్టేవాళ్లున్నారు. అది చల్లారితే గానీ కరకరలాడదు. వేడిమీదే డబ్బాలో సర్దితే ఆవిరి పట్టి సాయంత్రానికి మెత్తబడుతుంది.

రెండో రోజు: పురానీ హవేలీ, బేగంబజార్

పురానీ హవేలీ వీధి నాన్‌కు పేరు. 1851 నాటి మున్షీ నాన్ దుకాణం పుట్టింది ఇక్కడే. నాలుగు మూలల చార్‌కోనీ నాన్ ఈ నగరపు ఆకారం. తందూరు దగ్గర నిలబడినవాడు పిండి గురించి కంటే గోడ గురించే ఎక్కువ మాట్లాడాడు. నిప్పు వేసిన కొత్తలో తందూరు లోపలి గోడ మసితో నల్లబడుతుంది. వేడి చాలినంత ఎక్కాక ఆ మసి కాలిపోయి గోడ తెల్లబడుతుంది. అప్పటిదాకా నాన్ అంటించకూడదు. నల్ల గోడకు అంటిస్తే మసి పట్టుకుంటుంది, లేదా జారి నిప్పుల్లో పడుతుంది. నాన్ వీపుకు తడి రాయాలి. తక్కువైతే గోడను పట్టదు, ఎక్కువైతే ఊడిరాదు. పైభాగానికి రంగొచ్చి, అంచు గోడను వదలడం మొదలుపెట్టినప్పుడు రెండు ఇనుప చువ్వలతో తీస్తాడు. ఒకటి గీకడానికి, కొక్కెం ఉన్నది లాగడానికి.

ఈ నాన్‌కు జోడీ నహారీ. కాళ్లు, నాలుక రాత్రంతా సన్న సెగ మీద ఉడికిన పులుసు. ఇందులో పోట్లీ మసాలా ఉంటుంది: ధనియాలు, వట్టివేళ్లు, పాన్ కీ జడ్ అనే సువాసన వేరు, రాతి పువ్వు, గంధం పొడి, ఎండు గులాబీ రేకులు పలుచని బట్టలో మూటగట్టి పులుసులో వేలాడదీస్తారు. వాసన దిగగానే మూట తీసెయ్యాలి. మర్చిపోతే వట్టివేళ్లు, గంధం కలిసి చేదు దిగుతుంది. ఆ చేదుకు ఎంత నిమ్మకాయ పిండినా లాభం లేదు.

మధ్యాహ్నం బేగంబజార్‌లో ఆ మూట సరుకంతా టోకుగా దొరుకుతుంది. కొట్టు సేఠ్ తీరికగా ఉంటే కల్తీ పాఠం చెబుతాడు. మిరియాల్లో బొప్పాయి గింజలు కలిపితే నీళ్లలో వేసి చూస్తే అవి తేలతాయి, మంచి మిరియాలు మునుగుతాయి. కుంకుమపువ్వు అసలుదైతే గోరువెచ్చని నీళ్లలో రంగు మెల్లగా దిగుతుంది, పోగు ఎర్రగానే ఉంటుంది. వెయ్యగానే నీళ్లు ఎర్రబడి పోగు తెల్లబడితే డబ్బులు పోయినట్టే. కబాబ్ చీనీని మిరియం అనుకోకుండా ఉండటానికి దాని తోక చూస్తే చాలు. మన తెలుగు పేరు తోకమిరియాలు అందుకే వచ్చింది. షాజీరాను అరచేతుల మధ్య నలిపి వాసన చూడాలి. పాతదైతే గడ్డి వాసన తప్ప ఏమీ రాదు.

మూడో రోజు: బిర్యానీ వంటిల్లు

వెళ్లాల్సిన సమయం ఉదయం 9. పదకొండు దాటితే ఎవరూ మాట్లాడరు. ఇక్కడ చేసేది కచ్చీ, అంటే పచ్చి మాంసం మీద సగం ఉడికిన బియ్యం పేర్చి రెండింటినీ ఒకేసారి దమ్ మీద వండటం. పక్కీలో మాంసం ముందే ఉడికి ఉంటుంది కాబట్టి తప్పుకు తావు తక్కువ. కచ్చీలో ఒకసారి మూత పెట్టాక లోపల ఏమవుతోందో చూసే దారి లేదు. మాస్టర్ అనుభవమంతా మూత పెట్టక ముందటిదే.

"ఎక్కడ చెడుతుంది ఉస్తాద్?" అన్న ప్రశ్నకు ఆయన వేళ్లు మడిచి లెక్క చెప్పాడు.

మొదటిది పెరుగు. నీళ్ల పెరుగు వేస్తే మాంసం దమ్ కాకుండా నీళ్లలో ఉడికినట్టవుతుంది, కింది అన్నం జావవుతుంది. గుడ్డలో కట్టి వడగట్టాలి. కిలో మాంసానికి పావుకిలో గట్టి పెరుగు.

రెండోది పచ్చి బొప్పాయి. తొక్కతో సహా నూరిన ముద్ద కిలోకు ఒకటి, ఒకటిన్నర చెంచా. ముదురు మాంసమని మూడు చెంచాలు వేస్తే పైన పిండిలా రాలుతుంది, ఎముక దగ్గర మాత్రం పచ్చిగానే ఉంటుంది. కోడికి బొప్పాయి అసలు అక్కర్లేదు.

మూడోది చల్లదనం. రాత్రి నానబెట్టిన మాంసాన్ని ఫ్రిజ్‌లోంచి తీసి నేరుగా దేగ్‌లో, అంటే పెద్ద వంట పాత్రలో వేస్తే, అది వేడెక్కేలోపు పైనున్న బియ్యం ఉడికిపోతుంది. కొత్తవాళ్ల బిర్యానీలో అన్నం మెత్తగా, ముక్క పచ్చిగా ఉండటానికి చాలాసార్లు ఇదే కారణం. నిందంతా మంట మీద పడుతుంది. వండబోయే ముందు ఓ అరగంట బయట ఉంచాలి, అంతకన్నా ఎక్కువసేపు వదిలేయకూడదు.

నాలుగోది ఉల్లి. సన్నగా, ఒకే మందంలో తరగకపోతే సగం మాడుతుంది, సగం మెత్తగా ఉండిపోతుంది. బంగారు రంగు రాగానే తీసెయ్యాలి. నూనెలోంచి తీశాక కూడా అది ఇంకొంచెం వేగుతూనే ఉంటుంది. ముదురు రంగు వచ్చేదాకా ఆగితే ఆ చేదు దేగ్ మొత్తానికి పాకుతుంది.

ఐదో వేలు మడిచే ముందు ఆయన మరుగుతున్న నీళ్లలోంచి జల్లిగరిటెతో నాలుగు మెతుకులు తీశాడు. ఒకటి బొటనవేలు, చూపుడువేలు మధ్య పెట్టి నొక్కాడు. మెతుకు మూడు తెల్లని పలుకులుగా విడింది. "తీన్ కణీ" అన్నాడు. కణీ అంటే మెతుకు లోపల ఉడకని గట్టి పలుకు. నొక్కితే ఎన్ని పలుకులు తగిలితే అన్ని కణీలు. మూడు తగిలినప్పుడు తీసిన బియ్యం మాంసం మీద మొదటి పొరగా పడుతుంది, ఎందుకంటే కిందనుంచి వచ్చే పెరుగు నీరు, ఆవిరి దాన్ని ఉడికిస్తాయి. రెండు కణీలది మధ్య పొర. ఒకే ఒక్క పలుకు మిగిలినప్పుడు తీసింది పై పొర, దానికి ఆవిరి తక్కువ అందుతుంది కనుక. మూడు పొరలకూ మధ్య తేడా రెండు మూడు నిమిషాలే. ఆ కాసేపట్లో ఫోన్ మోగినా ఎత్తడు.

ఇంట్లో బియ్యమంతా ఒకేసారి వార్చి పొరలు పేర్చేవాళ్లకు కింద ముద్ద, పైన బిరుసు రావడం ఇందువల్లే. కిలో బియ్యానికి నాలుగైదు లీటర్ల నీళ్లు ఉండాలి. నోట్లో పెట్టుకుంటే ఉప్పు కొట్టొచ్చినట్టు తెలియాలి, ఎందుకంటే సగం ఉప్పు వార్చిన నీళ్లతో పోతుంది. పాత బాస్మతి, అరగంట నానినది. కొత్త బియ్యంలో తేమ, జిగురు ఎక్కువ, పొరలు వేసేటప్పుడే విరుగుతుంది.

పొరల మీద కుంకుమపువ్వు పాలు, నెయ్యి, వేయించిన ఉల్లి, పుదీనా. మూత అంచుకు గోధుమపిండి ముద్ద. మూత మీద కూడా నిప్పులు పోస్తారు. కిలో కొలతకైతే మొదట పది పదిహేను నిమిషాలు పెద్ద మంట, పిండి ముద్ద సందుల్లోంచి ఆవిరి పొడుచుకు రాగానే కింద పెనం పెట్టి 35, 40 నిమిషాలు సన్న సెగ. దేగ్ ఒక పక్కకు వాలి ఉంటే రసమంతా అటే చేరి అటు ముద్దవుతుంది, ఇటు మాడుతుంది. అందుకే పొయ్యి రాళ్లు సరిచూడటం కుర్రాడి మొదటి పని.

అయిందని ఎలా తెలుస్తుంది? చెవితో. లోపల నీరున్నంతసేపు బుడబుడమని చప్పుడు. నీరు ఇగిరి నెయ్యి మిగిలాక అది సన్నగా చిటపటలోకి మారుతుంది. ఆ మార్పు వినగానే నిప్పు లాగేస్తారు. మాస్టర్ దేగ్ పక్కన కూర్చుని ఏమీ చేయనట్టు కనిపించేది ఆ చప్పుడు వింటూనే.

వడ్డించేటప్పుడు కలపరు. పళ్లెం అంచుతో ఒక పక్కనుంచి నిలువుగా అడుగుదాకా దించి తీస్తారు. అన్ని పొరలూ ఒకే పళ్లెంలోకి రావాలి. గరిటె పెట్టి కలిపితే తెల్ల మెతుకు, పసుపు మెతుకు, మసాలా మెతుకు ఒకటైపోతాయి, ఇక అది పులావ్.

నాలుగో రోజు: ఫుట్‌పాత్ మీద జొన్నరొట్టె

పాతబస్తీ దాటి వస్తే సాయంత్రం ఆరింటికి రోడ్డు పక్కన కట్టెల పొయ్యిలు వెలుగుతాయి. బిర్యానీ గురించి రాసేవాళ్లు ఈ ఆడవాళ్లను దాటుకుని వెళ్లిపోతారు, అది అన్యాయం. చేతిపని చూస్తే దేగ్ మాస్టర్‌కు ఏమాత్రం తీసిపోదు.

"అక్కా, రొట్టె ఎందుకు పగులుతది?"

"పిండి పాతదైతే పగుల్తది. సల్ల నీళ్లు పోస్తె పగుల్తది. గిట్ల బెదురుకుంట కొట్టినా పగుల్తది" అని నవ్విందామె.

జొన్నపిండిలో గోధుమకుండే సాగుడు లేదు. సలసల కాగే నీళ్లు పోస్తే పిండి కొంత ఉడికి జిగట పుడుతుంది, రొట్టెను పట్టి ఉంచేది ఆ జిగటే. గ్లాసు పిండికి ముప్పావు గ్లాసు నీళ్లతో మొదలుపెట్టి, పిండి అడిగితే ఇంకొంచెం. అరచేతి మడమతో నెట్టి నెట్టి మెత్తగా చేయాలి. పదిమందికి సరిపడా ఒకేసారి పిసికి పెట్టుకుంటే చల్లారి మళ్లీ బీటలు వారుతుంది. అందుకే ఒక రొట్టె పెనం మీద ఉండగా ఇంకో ముద్ద చేతిలో ఉంటుంది.

పొడి పిండి చల్లి, అరచేత్తో తట్టుతూ, రెండో చేతి వేళ్లతో అంచు కాపాడుతూ తిప్పుతుంది. పెనం మీద వేసేటప్పుడు పొడి పిండి అంటిన వైపు పైకి రావాలి. వేసిన మరుక్షణమే తడి గుడ్డతో పైనంతా తుడుస్తుంది. ఆ తడి ఆరుతుండగా తిప్పాలి. తుడవడం పది లెక్కపెట్టేంత ఆలస్యమైతే చాలు, పైభాగం ఎండి గీతలు పడతాయి, ఇక పొంగదు. రెండో వైపు కాలాక పెనం పక్కకు జరిపి నిప్పుల సెగకు నిలబెడితే బుస్సున లేస్తుంది.

అదే వరుసలో మిర్చి బజ్జీల బండి. అడిగింది నూనె గురించి. మళ్లీ మళ్లీ కాగిన నూనెలో పుట్టే పోలార్ పదార్థాలు 25 శాతం దాటితే వాడకూడదని 2018 జూలై 1 నుంచి నిబంధన ఉంది. బండి మీద కొలిచే యంత్రం ఎక్కడిది? నూనె నల్లబడి, నురగ అంచుదాకా లేచి, మంట పెంచకుండానే పొగ వస్తుంటే దాని పనైపోయినట్టే అన్నాడు బండివాడు. నూనెను తొందరగా చంపేది రాలిన శనగపిండి తునకలు. అవి అడుగున మాడుతుంటాయి. జల్లిగరిటెతో ప్రతి వాయికీ తీసేస్తే అదే నూనె ఎక్కువసేపు నిలుస్తుంది.

రాత్రికి నెలవంక కనిపించింది.

ఐదో రోజు: హలీం భట్టీ

ఉపవాసానికి ముందు తెల్లవారుజామున తినే సహరీ ముగియగానే భట్టీ రాజుకుంటుంది. ఇఫ్తార్‌కు వడ్డించాలంటే దాదాపు 12 గంటలు వెనక్కి లెక్క వేసుకోవాలి. గోధుమలు రాత్రే నానాయి. హైదరాబాదీ హలీంకు 2010లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. దేశంలో మాంసాహార వంటకానికి ఆ గుర్తింపు రావడం అదే మొదలు. అందులో చెప్పిన పాళ్లు పది వంతుల మాంసానికి నాలుగు వంతుల గోధుమ. గోధుమ పెంచితే కడుపు నిండుతుంది, లాభమూ పెరుగుతుంది, కానీ చెంచా నోట్లో పెట్టుకోగానే జావ అని తెలిసిపోతుంది.

దీని పుట్టుక బార్కాస్‌లో కనిపిస్తుంది. నిజాం సైన్యంలో పనిచేసిన యెమెన్ అరబ్బుల బ్యారక్‌లే ఆ పేటకు పేరిచ్చాయి. అక్కడి హరీస్‌లో గోధుమ, మాంసం, ఉప్పు, నెయ్యి, అంతే. పప్పులు, షాజీరా, తోకమిరియాలు, పచ్చిమిర్చి హైదరాబాద్ చేర్చింది. రెండూ ఒకే రోజు తింటే తేడా వెంటనే తెలుస్తుంది.

మాంసం అల్లంవెల్లుల్లి, మసాలాలతో ఎముక వదిలేదాకా ఉడకాలి. తర్వాత ఎముకలన్నీ ఏరాలి. ఇది కళ్లు పొడుచుకుని చేసే పని. ఒక్క ముక్క మిగిలినా తినేవాడి పన్ను దాన్ని కనిపెడుతుంది. విడిగా ఉడికిన గోధుమ కలిపాక ఘోట్నీలు దిగుతాయి. పొడవాటి కర్రకు బరువైన చెక్క మొద్దు. ఇద్దరు ఎదురెదురుగా నిలబడి, ఒకరు ఎత్తితే ఒకరు దించుతూ దంచుతారు.

"మిక్సీలో వేస్తే పది నిమిషాల పని కదా భాయ్?"

"వెయ్యొచ్చు. బంక వస్తుంది" అన్నాడు చెమట తుడుచుకుంటూ. మిక్సీ బ్లేడు మాంసపు నారను తెగ్గోస్తుంది. ఘోట్నీ నారను విడదీస్తుంది కానీ తెంచదు. మంచి హలీం చెంచాతో ఎత్తితే సన్నని దారాలు కనిపించాలి, దాన్నే రేషా అంటారు. రేషా లేకుండా సాగేది గోధుమ జిగురే.

చిక్కబడినప్పుడు మరిగే నీళ్లే పోయాలి. చన్నీళ్లు పోస్తే ఉడుకు ఆగి గోధుమ ఉండలు కడుతుంది. అన్నిటికంటే పెద్ద ప్రమాదం అడుగంటడం. పైన మిగతాదంతా బాగున్నా, మాడు వాసన దేగ్ మొత్తానికి పాకుతుంది. దానికి మందు లేదు, ఆ రోజు సరుకంతా పోయినట్టే. అందుకే చిక్కబడే కొద్దీ మండే కట్టెలు బయటకు లాగి, నిప్పుల మీదే నడిపిస్తారు. దంచేవాళ్లు ఘోట్నీ కొసను అడుగుకు తాకిస్తూ ఉంటారు. కింద జారినట్టుంటే సరే, కర్ర పట్టినట్టనిపిస్తే వెంటనే అరుస్తారు.

మధ్యాహ్నం మూడు నుంచి నాలుగున్నర దాకా మాట్లాడటానికి మంచి వేళ. దంచేది అవుతుంది, జనం ఇంకా రారు. వీళ్లలో ఉపవాసం ఉన్నవాళ్లూ ఉంటారు కాబట్టి వాళ్ల ముందు నీళ్ల సీసా ఎత్తకపోవడం మర్యాద. ఉప్పు ఎలా చూస్తారని అడిగితే, ఉపవాసం లేని కుర్రాడి చేత రుచి చూపిస్తామని చెప్పాడు మాస్టర్.

సైరన్ మోగింది. ఘోట్నీలు గోడకు ఆనాయి. ఖర్జూరం, నీళ్లు, నమాజు. తర్వాత మొదలైన వరుస దేగ్ ఖాళీ అయ్యేదాకా ఆగలేదు. పైన నెయ్యి, వేయించిన ఉల్లి, కొత్తిమీర, నిమ్మచెక్క.

పదింటికి మాస్టర్ ఖాళీ దేగ్‌లోకి వంగి, టార్చి వేసి, అడుగున గరిటె అంచుతో గీకి చూశాడు. ఒక పక్క లేత గోధుమ రంగు పొర, వాసన ఇంకా రాలేదు. కుర్రాణ్ని పిలిచి ఆ పక్క చూపించి, "రేపు ఇటు ఒక కట్టె తగ్గించు" అన్నాడు.